ఓబుళేశుకు గుండె ఉండాది

మా వైపు మాటల్లో ఒక చిక్కు ఉంది. ఫలానా ఆయనకు షుగరు ఉండాది అంటే జబ్బు. బీపీ ఉండాది అన్నా జబ్బే. గుండె ఉండాది అంటే మాత్రం వెంటనే తేలదు, చెప్పే మనిషి ముఖం కూడా చూడాలి. కనుబొమలు పైకి లేచి ఉంటే అది ధైర్యం. గొంతు తగ్గించి, చెయ్యి ఎడమ రొమ్ము మీద పెట్టుకుని చెప్తే మాత్రం, పాపం, ఎన్నాళ్లుంటాడో అని అర్థం. వేంపల్లె దగ్గర మా ఊళ్లో ఓబుళేశు గురించి ఏళ్ల తరబడి మొదటి అర్థంలోనే చెప్పుకునేవాళ్లు. మొన్నటి ఎండాకాలంలో రెండో అర్థంలోకి మార్చేశారు. మాట మాత్రం అదే, ఒక్క అక్షరం మారలేదు.

ఓబుళేశుకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తోట పేరు చెప్తే ఆయన్ని పక్క ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. మైకు ఓబుళేశు అంటే మాత్రం బనగానపల్లె దాకా తెలుసు. బండలాగుడు పోటీల్లో మైకు ఆయనదే.

బండలాగుడు చూడని వాళ్ల కోసం ఒక ముక్క. పెద్ద బండకు గొలుసు కట్టి, దానికి ఒక జత ఎద్దులను కట్టి, చదును చేసిన మట్టిబాట మీద ఇటూ అటూ లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతకు బహుమానం. ఎద్దు వయసును పళ్లను బట్టి చెప్తారు కాబట్టి పాలపళ్లవి ఒక విభాగం, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి ఒకటి, అలా చివరికి పెద్ద జతలు వస్తాయి. మైకు పట్టిన మనిషి చెప్పాల్సింది నిజానికి మూడే మాటలు: ఎవరి ఎద్దులు, ఎంత దూరం, ఇంకెంత సమయం. ఓబుళేశు ఆ మూడింటి మధ్యలో ఊరంతటినీ ఇరికిస్తాడు. ఎద్దుల యజమాని అత్తగారి ఊరేదో, ఎడమ పక్క ఎద్దు నిన్నటి నుంచి ఎందుకు అలిగిందో, పందిరి ముందు గొడుగేసుకుని వెనకవాళ్లకు అడ్డం పడుతున్న పెద్దమనిషి ఎవరి మేనమామో, అన్నీ వస్తాయి. పోటీ అయ్యాక ఎవరు గెలిచారని అడిగితే జనం కాసేపు ఆలోచిస్తారు కానీ ఓబుళేశు ఏమన్నాడో అడిగితే గడగడా అప్పజెప్తారు.

ఒకసారి ఒక జత బాట తప్పి నేరుగా మైకు పందిరి మీదికి వచ్చింది. కమిటీ వాళ్లు తలోదిక్కు దూకారు. ఓబుళేశు పందిరి గుంజ పట్టుకుని పైకెక్కాడు. ఎక్కుతూ కూడా మైకు వదల్లేదు. ఈ ఎద్దులు ఎవరివో, యజమాని ఎక్కడున్నా దయచేసి వచ్చి తీసుకుపోవాలని, గుంజ మీద నుంచే మర్యాదగా ప్రకటించాడు. గుండె ఉండాది అన్న మాట ఆ రోజు నుంచే ఆయనకు అంటుకుంది.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం, అన్నం తిని చాప మీద నడుం వాల్చి ఉండగా, రొమ్ములో ఏదో ఎగిరింది. సంచిలో కోడిపిల్లను వేసి మూతి కట్టినట్టు ఉండిందట. రెండు మూడు సార్లు ఎగిరి, ఒకసారి ఆగినట్టయి, దబ్బున ఒక పెద్ద దెబ్బ. తర్వాత చాలాసేపు దడదడ. మరుసటి రోజూ అదే వేళకు, అదే చాప మీద. చాప దిక్కు మార్చి చూశాడు. తల తూర్పుకు పెట్టుకున్నా కోడిపిల్ల ఎగిరింది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. మా దగ్గర గోరుచుట్టు తప్ప మిగతా జబ్బులన్నీ మొదట గ్యాసే. వేంపల్లెలో మందుల షాపతను ఇచ్చిన మాత్ర మింగాడు. జీలకర్ర నీళ్లు, వాము, మళ్లీ సోడా. భార్య కృష్ణవేణమ్మ ఇది కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంట్లో జీలకర్ర ఖాళీ అవుతోంటే ఆమెకు తెలియకుండా ఉంటుందా. నిలదీస్తే ఏమీ లేదన్నాడు, ఆ అనడంలోనే చెయ్యి రొమ్ము మీదికి పోయింది. ఆ చెయ్యిని పక్కింటావిడ చూసింది. సాయంత్రానికి ఊరు మొత్తం గొంతు తగ్గించింది.

అసలు దెబ్బ గుండెకు కాదు, మైకుకు తగిలింది. మా ఊరి తిరునాల దగ్గర పడింది. కమిటీ పెద్ద తిమ్మయ్య ఓబుళేశుకు చిన్ననాటి స్నేహితుడు, మాట కటువు, మనసు మెత్తన. ఆయన ఇంటికొచ్చి, మంచం మీద కూచుని, చెనిక్కాయలు ఒలుచుకుంటూ, ఊళ్లోని సంగతులన్నీ మాట్లాడి, లేవబోతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"ఈసారి మైకు ఉమామహేశ్ పట్టుకుంటాడులేప్పా. నీకు గుండె ఉండాది కదా, ఊరికే తిప్పలు యాల?"

"నాకు గుండె ఎప్పుడు లేదు తిమ్మయ్యా," అన్నాడు ఓబుళేశు.

"అది వేరే గుండె. నేను చెప్పేది ఈ గుండె," అని తిమ్మయ్య తన రొమ్ము తట్టి చూపించాడు. "నువ్వు మైకులోనే పడిపోతే? జనాలు ఎద్దుల్ని చూడాల్నా, నిన్ను చూడాల్నా?"

ఉమామహేశ్ మంచి పిల్లవాడే. డీజే పెట్టె ఉంది, గొంతుంది. ఎద్దుల యజమాని అత్తగారి ఊరు మాత్రం తెలీదు. ఓబుళేశు ఆ రాత్రి సంగటి సగం ముద్ద వదిలేశాడు. ఊరి దేవుని తిరునాలలో, తన ఊరి జనం ముందు, తను జనంలో కూచుని ఇంకొకరి గొంతు వినాలి. ఒక్కసారి మైకు చెయ్యి మారితే అది ఒక తిరునాలతో ఆగదని ఆయనకు తెలుసు. పక్క ఊరి కమిటీలకు కూడా చెవులుంటాయి.

కడప పోదాం పద అని కృష్ణవేణమ్మ అన్నప్పుడు అందుకే ఎదురుచెప్పలేదు. జబ్బు లేదని అనిపించుకు రావాలి, అది ఆయన లెక్క.

కడపలో గుండె డాక్టరు నాగశ్రీ. వయసులో ఓబుళేశు కూతురు లక్ష్మీప్రియ కంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటుందేమో. ఏమైందని ఆమె అడిగితే ఈయన, గుండె కొట్టుకుంటాంది డాక్టరమ్మా అన్నాడు. కొట్టుకోవడం మంచిదే పెద్దాయనా, కొట్టుకోకపోతేనే నాకు ఇబ్బంది, అని ఆమె నవ్వింది. ఓబుళేశుకు అక్కడే ఆమె మీద గురి కుదిరింది. ఎదుటి మనిషి మాటను పట్టుకుని తిప్పి కొట్టేవాళ్లంటే ఆయనకు ఇష్టం.

నవ్వాక ఆమె వివరంగా అడిగింది. దడ వచ్చినప్పుడు కళ్లు తిరిగి పడిపోయారా, రొమ్ములో నొప్పి వచ్చిందా, ఊపిరి ఆడలేదా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా. ఇవి ఉంటే సోడాలు తాగుతూ కూచోకూడదని, ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలని చెప్పింది. ఇవేవీ లేవు. ఈసీజీ తీశారు, గుండెకు స్కానింగు చేశారు, రక్తం కూడా చూశారు. అన్నీ బాగున్నాయి. అయితే ఈసీజీ తీసిన ఆ కాసేపట్లో కోడిపిల్ల ఎగరలేదు కదా. అందుకని ఒక రోజంతా గుండెను కనిపెట్టుకుని ఉండే మిషన్ పెడతానంది. రొమ్ము మీద వెంట్రుకలు గీకి, వైర్లు అతికించి, మెడలో చిన్న పెట్టె వేశారు. దడ వచ్చినప్పుడు దాని మీద బొత్తాము నొక్కాలి. రోజూ ఏం చేస్తారో అదే చేయండి అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

ఆ మాట ఒక్కటి తప్ప మిగతావన్నీ ఇంట్లో వాళ్లకు గుర్తున్నాయి. మెడలో మిషన్‌తో దిగిన మనిషిని చూసి వీధి వీధంతా లేచి నిలబడింది. వైర్లు చూశాక ఇది చిన్న జబ్బు కాదని అందరికీ అర్థమైపోయింది. వసారాలో మంచం వేసి ఆయన్ని పడుకోబెట్టారు. కాలు కింద పెట్టనీలేదు. తోటకు పోతానంటే కృష్ణవేణమ్మ చెప్పులు దాచిపెట్టింది. టీ బంద్. మాటలు బంద్. బనగానపల్లె నుంచి ఆమె అన్న మామిడిపండ్ల బుట్టతో పరామర్శకు దిగి, మంచం పక్కన కూచుని, మిషన్ వైపు గౌరవంగా చూస్తూ గుసగుసగా మాట్లాడాడు. ఫోను కిరణాలు మిషన్‌కు తగుల్తాయని ఎవరో అంటే, లక్ష్మీప్రియ ఆయన ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టింది. ఓబుళేశు మామిడిపండ్లు తిని నిద్రపోయాడు. చాలా ఏళ్ల తర్వాత మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పోయిన నిద్ర అది.

మరుసటి రోజు నాగశ్రీ మిషన్‌లో ఉన్నది కంప్యూటర్‌లో చూసింది. పసిబిడ్డ ఉయ్యాల్లో పడుకున్నా ఇంత ప్రశాంతంగా ఉండదు, ఏం చేశారు నిన్న, అని అడిగింది. వీళ్లు చేయనిస్తే కదా, అన్నాడాయన. కథంతా విని, తల పట్టుకుని నవ్వి, మళ్లీ పెట్టాల్సిందేనంది. ఈసారి పోటీ ఉన్న రోజు పెడదామని ఆమే అడిగింది. పులివెందుల దారిలో ఒక ఊళ్లో రెండ్రోజుల్లో చిన్న పోటీ ఉంది. ఆ ఊరివాళ్లకు మా ఊరి గుసగుస ఇంకా చేరలేదు. పోటీకి ముందు రోజు సాయంత్రం మిషన్ వేయించుకుని, పొద్దున్నే చొక్కా మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుని ఓబుళేశు పందిరెక్కాడు. మెడలో వైరు కనబడితే అక్కడి కుర్రాళ్లు కొత్త రకం మైకు అనుకున్నారు. ఆయన కాదనలేదు.

మధ్యాహ్నానికి పోటీ ముగిసింది. ఇంటికొచ్చి, తిని, చాప మీద వాలాడు. బియ్యం డబ్బాలోంచి విడుదలైన ఫోను చేతిలో ఉంది. కోడిపిల్ల ఎగిరింది. బొత్తాము నొక్కాడు. కృష్ణవేణమ్మ గడప దగ్గర చింతపండు వలుస్తూ ఇదంతా చూసింది.

సాయంత్రం బస్సుకు ఇద్దరూ కడప పోయారు. డాక్టరు గీతల మీద వేలు జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా గుండె గుర్రంలా పరుగెత్తింది, ఒక్కసారీ బొత్తాము నొక్కలేదేమిటని అడిగింది.

"అది దడ కాదమ్మా. పని," అన్నాడు ఓబుళేశు.

 ఆమె వేలు ఇంకాస్త ముందుకు జరిపి, అన్నం తిన్న తర్వాత నొక్కారే, అప్పుడేం చేస్తున్నారు అని అడిగింది. ఊరికే పండుకోనుంటి అన్నాడు. కృష్ణవేణమ్మ కొంగు సర్దుకుంది.

"ఊరికే కాదు డాక్టరమ్మా. ఫోన్లో కామెంట్లు సూస్తాన్నాడు."

అప్పుడు బయటపడింది. రెండేళ్ల నుంచి పోటీలన్నీ యూట్యూబులో లైవు వస్తున్నాయి. అంతకుముందు ఓబుళేశు మాటలు గాలిలో పోయేవి, నవ్వినవాళ్లు నవ్వేవాళ్లు, అంతే. ఇప్పుడు అవి ఫోన్లో మిగిలిపోతున్నాయి, వాటి కింద జనం రాస్తున్నారు. చాలామంది మెచ్చుకుంటారు. మధ్యలో ఎవడో, పేరు కూడా లేనివాడు, ఈ తాత గొంతు అయిపాయ, కుర్రోళ్లకు ఇయ్యండి అని రాశాడు. ఓబుళేశు మెచ్చుకోళ్లన్నీ దాటుకుంటూ పోయి రోజూ దాని దగ్గరే ఆగుతాడు. దాని కింద ఎందరు లైకు కొట్టి చెయ్యి కలిపారో చూస్తాడు. చాప మీద, అన్నం తిన్నాక, అదే వేళకు.

నాగశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పిన సంగతిని ఓబుళేశు తర్వాత మా అందరికీ ఎన్నిసార్లు చెప్పాడో. నేను విన్నది ఆయన గొంతులోనే. ఎద్దు మీదికొస్తే ఒళ్లు ఒక మందును తనకు తనే ఎక్కించుకుంటుందట. గుండె వేగం పెంచుతుంది, కాళ్లకు నెత్తురు తోలుతుంది, నోరు ఎండబెడుతుంది, కడుపుకు కాసేపు సెలవిస్తుంది. పరుగెత్తడమో తిరగబడటమో చేస్తే ఆ మందు ఖర్చయిపోతుంది. అందుకే పందిరి గుంజ ఎక్కిన రోజు దడ గుర్తు లేదు. అయితే ఒంటికి ఎద్దుకూ కామెంటుకూ తేడా తెలీదు. రెండింటికీ అదే మందు. కామెంటు మీదికొస్తే యాడికి పరుగెత్తాల? చాప మీద కదలకుండా ఉంటివి, గుండె మాత్రం పరుగుకు తయారై కూచుంది. అలాంటప్పుడు అది మధ్యలో ఒక దెబ్బ ముందుగా వేసేస్తుంది, ఆ తర్వాతిది కాస్త ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. ఆగినట్టనిపించేది, దబ్బుమనేది అదే. మంచి గుండెల్లో కూడా అప్పుడప్పుడూ ఉంటుంది, చాలామందికి తెలియనే తెలియదు. తెలిసినవాడు భయపడతాడు. భయపడితే ఇంకాస్త మందు. ఇంకాస్త దడ.

ఆమె ఇంకో సంగతి కూడా లాగింది. పోటీ రోజు నీళ్లు ఎన్ని తాగుతారని అడిగితే ఓబుళేశు సిగ్గుపడ్డాడు. తాగడు. తాగితే పందిరి దిగాల్సి వస్తుంది, జత మధ్యలో మైకు వదిలి గట్టు చాటుకు పోవడం ఆయనకు చిన్నతనం. గొంతు తడవడానికి టీ. ఎవరు గ్లాసు అందించినా టీ. ఆ ఎండలో, నీళ్లు లేని ఒంట్లో, టీ మీద టీ పోస్తే గుండె చిందులు వేయక ఏం చేస్తుంది అని డాక్టరు కోప్పడింది. మందులేమీ రాయలేదు. నీళ్లు తాగమంది, టీ తగ్గించమంది, ఫోను కూతురి చేతికి ఇవ్వమంది. దడ వస్తే కూచుని, లోపలికి పీల్చిన దానికంటే బయటికి మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలమంది. వదిలే ఊపిరి ఒంటికి ఎద్దు పోయిందని చెప్తుందట.

మైకు పట్టొచ్చా అని ఓబుళేశు అడిగింది మాత్రం తలుపు దాకా పోయాక. నేను ఆపితే కదా పెద్దాయనా, అంది ఆమె.

ఊళ్లో ఇది ఎవరూ నమ్మలేదు. మందులు రాయలేదంటే రోగం చేయి దాటిపోయిందని కొందరు తేల్చారు. సంగతి కనుక్కోవడానికి ఇంటికొచ్చిన తిమ్మయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. అప్పటికే ఉమామహేశ్ పేరు తిరునాల పోస్టరు మీద ఎక్కింది. ఓబుళేశు ఎద్దు, కామెంటు, మందు అని మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. మైకు లేకుండా తన కోసం తను మాట్లాడటం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. కృష్ణవేణమ్మ చేట కింద పెట్టి బయటికొచ్చింది.

"సూడు తిమ్మయ్యన్నా, ఈ మనిషికి ఊరికే కూచోబెడితేనే దడ. మైకు ఇచ్చినంతసేపు ఏం లేదని మిషనే చెప్పినాది. మీరు ఇయ్యకపోతే తిరునాల అయ్యేదాకా మీ ఇంట్లోనే కూచోబెట్టుకోండి. నాకు జీలకర్ర కొనే ఓపిక లేదు."

తిమ్మయ్య గడ్డం గోక్కున్నాడు. చివరికి మధ్యే దారి తేలింది. పళ్ల విభాగాలన్నీ ఉమామహేశ్ చెప్తాడు, పెద్ద జతలు ఓబుళేశు చెప్తాడు, ఉమామహేశ్ పక్కనే కూచుంటాడు. పక్కన ఎందుకో ఎవరూ పైకి అనలేదు. ఓబుళేశు ఒప్పుకున్నాడు. ఉమామహేశ్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అన్నా, యజమానుల అత్తగారి ఊర్లు నాకు కాస్త చెప్పవా, అని అడిగాడు. చీకటిపడేదాకా ఇద్దరూ అదే పనిలో ఉన్నారు.

తిరునాల రోజు ఎండ బాగా ఉంది. పెద్ద జతల వేళకు గట్ల మీద, ట్రాక్టర్ల మీద, ట్యాంకు మీద జనం. ఓబుళేశు పక్కన నీళ్ల బిందె పెట్టించుకున్నాడు. మొదటి జత లాగింది, రెండోది లాగింది. ఆయన గొంతు కొంచెం బొంగురుపోయింది కానీ మాట పదును తగ్గలేదు. లక్ష్మీప్రియ ఒడిలో ఫోను ఉంది, ఆమె దాన్ని చూడటం లేదు.

మూడో జతకు కాడి వేస్తున్నారు. యజమాని పేరు సగం చెప్పి ఓబుళేశు ఆగాడు.

జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. ముందు వరసలో తిమ్మయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఉమామహేశ్ చెయ్యి మైకు వైపు వచ్చి, మధ్యలో ఆగిపోయింది. ఓబుళేశు కళ్లు మూసుకుని, మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదులుతున్నాడు. మైకు నోటి దగ్గరే ఉండటంతో ఆ ఊపిరి తిరునాల మొత్తానికీ వినబడింది. పొలాల అవతలి స్పీకరు పెట్టెల్లో కూడా పెద్ద గాలి వీచినట్టు వినబడి, కాడి వేసేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఇంకోసారి వదిలాడు. మూడోసారి కూడా. తర్వాత కళ్లు తెరిచాడు.

"ఏం లేదప్పా," అన్నాడు మైకులో. "గుండె ఒక అడుగు తప్పినాది, మల్లా కలుపుకున్నాది. మీరు కాడి వేయండి."

ముందు ఎవరూ నవ్వలేదు. గట్టు మీద నుంచి ఎవరో ఒకడు నవ్వాడు, ఆ తర్వాత ట్రాక్టర్ల మీద వాళ్లు, ఆ తర్వాత అందరూ. ఓబుళేశు ఆగిన చోట నుంచే యజమాని పేరు మిగతా సగం చెప్పి, ఆయన అత్తగారిది జమ్మలమడుగు పక్కన అని కూడా చెప్పాడు. కుడి ఎద్దు మొదటి అడుగు వేసింది. గొలుసు బిగుసుకుంది, బండ కదిలింది.

తిమ్మయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. వెనక వరసలో ఎవరో ఆయన పంచె అంచు పట్టి లాగి, కూచోప్పా, ఎద్దులు కనపడ్డం లేదు అన్నారు.